దిష్టి తీసి పారేసిన బిళ్ళలు

మిరపకోతలు మొదలైన దగ్గర్నుంచి అయిపోయే దాకా మా ఊళ్ళో దగ్గును ఎవరూ పట్టించుకోరు. కల్లంలో కాయ ఎండుతుంటుంది, గాలి ఇటు తిరిగితే ఘాటంతా ఊళ్ళోకి వస్తుంది. బళ్ళో పిల్లలు దగ్గుతారు. బస్సు మా ఊరి మలుపు తిరగ్గానే డ్రైవరు దగ్గుతాడు. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కుకు గుడ్డ కట్టుకుంటే మేం నవ్వుకుంటాం. అలాంటి ఊళ్ళో నాకు దగ్గు వచ్చింది. ఇంక దాన్ని ఎవరు చూస్తారు, నా మొహం!

ఇప్పుడు నేను బాగానే ఉన్నానని అందరూ అంటున్నారు. టీబీ మందులు అయిపోయాయి. అయినా రేపు పొద్దున్నే మళ్ళీ ఒంగోలు బస్సెక్కాలి, ఈసారి నా కోసం కాదు. ఈలోగా జరిగింది జరిగినట్టు రాసి పెడదామని కూర్చున్నాను. చావు నా మంచం దాకా వచ్చినప్పుడు నాకు ఒళ్ళు హాయిగా ఉంది. ఆ హాయి ఎంత భయంకరమైనదో నాలాంటి వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి.

వానలు పడేటప్పుడు

మాది అద్దంకికి దగ్గర్లో పల్లె. మా ఆయనా, మా మరిదీ పక్కపక్క చేలల్లో మిరప వేస్తారు. ఇళ్ళు కూడా పక్కపక్కనే, పొయ్యిలు మాత్రం వేరు. మా మరిది భార్య నాగమణి నాకన్నా పదేళ్ళు చిన్నది. తోటికోడళ్ళంటే కొట్టుకోవాలని ఎవరన్నారో గానీ, మేమిద్దరం చేలో ఒక సాలు పట్టుకుని మాట్లాడుకుంటూ పోతే సాయంత్రమైనట్టే తెలియదు.

ఆ ఏడు నారు వేసే రోజుల్లో నాకు మోకాళ్ళు, మణికట్లు వాచిపోయాయి. పొద్దున లేస్తే చెంబు పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకునేవి కావు. పక్కూళ్ళో ఒక ఆర్‌ఎంపీ ఉన్నాడు. ఆయన పేరు ఎవరికీ గుర్తుండదు, అందరూ పొట్లాల డాక్టరనే అంటారు. ఏ రోగానికైనా నాలుగు రకాల బిళ్ళలు కాగితంలో చుట్టి ఇస్తాడు. ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి, పెద్ద తెల్లది ఒకటి, గోటిమీద పట్టేంత చిన్న తెల్లది ఒకటి. ఆ బిళ్ళలకు అట్ట ఉండదు, పేరు ఉండదు.

"రెండు పూటలా వేసుకో అమ్మా, వారంలో పరిగెత్తుతావ్" అన్నాడు.

వారం కూడా పట్టలేదు. మూడో రోజుకే లేడిపిల్లనైపోయాను. నొప్పుల్లేవు, వాపుల్లేవు, ఆకలి మాత్రం రాక్షసి ఆకలి. రెండోసారి అన్నం పెట్టుకుంటుంటే మా ఆయన పక్కకు తిరిగి నవ్వేవాడు. పొట్లాలు అయిపోయినప్పుడల్లా మళ్ళీ తెచ్చుకున్నాను. ఒకసారి రెండు రోజులు ఆలస్యమైతే ఒళ్ళంతా పీకేసింది. చూశావా, మందు మానితే ఇలా ఉంటుంది, ఎంత మంచి మందో అనుకున్నాను.

పత్తి తీసే నాటికి నా మొహం గుండ్రంగా నిండింది. బుగ్గలు తేరి నున్నగా మెరుస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నన్ను కట్టెపుల్ల అన్నవాళ్ళే, "రత్నమ్మ ఒళ్ళు చేసిందర్రా, దశ తిరిగింది" అన్నారు. నాగమణి అయితే నా బుగ్గ గిల్లి, "అక్కా, ఏం తింటున్నావే, నాకూ కాస్త పెట్టు" అనేది. నాకేమో లోపల్లోపల సంబరం. అద్దం ముందు రెండోసారి నిలబడిన రోజులు కూడా ఉన్నాయి, దాచుకోవడం దేనికి.

గాజుల సంగతి మాత్రం ఎవరూ చూడలేదు. మొహం నిండుతోంది, చేతులు సన్నబడుతున్నాయి. మణికట్టు దగ్గర బిగుతుగా ఉండే గాజులు చెయ్యెత్తితే మోచేతి దాకా జారేవి. గాజులు సాగాయేమో అనుకున్నాను. గాజు సాగుతుందా ఎక్కడైనా!

కల్లం

ఫిబ్రవరిలో కాయ కల్లంలోకి వచ్చింది. తాలు కాయలు ఏరడానికి నేనూ, నాగమణీ ఒకే పట్టా మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. రంగు పోయి తెల్లబడిన కాయను ఏరి పక్కన పడేస్తుండాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దాని మొహం మీదే దగ్గాను. అదీ దగ్గేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. 

సాయంత్రమయ్యేసరికి జాకెట్టు చెమటకు తడిసి పిండితే కారేది. ఈ ఏడు ఎండలు ముందే వచ్చాయి అనుకున్నాం. జ్వరం అనేది మాత్రం రాలేదు. నుదుటి మీద చెయ్యి పెడితే మామూలుగానే ఉండేది. జ్వరం వచ్చుంటే ఎవరో ఒకరు ఆస్పత్రికి లాక్కెళ్ళేవాళ్ళు. నొప్పి వచ్చినా బాగుండేది. ఒంట్లో ఏదో జరుగుతుంటే ఒళ్ళు నోరు మూసుకుని కూర్చుంది. పైన పటారం, లోన లొటారం అంటారే, అదీ నా సంగతి.

మార్చి చివర్లో దగ్గితే కాయ రంగులో పడింది. మిరప పొట్టేమోనని కాలితో మట్టి కప్పేశాను. రెండోసారి పడినప్పుడు నాగమణి చూసింది.

"అక్కా, అది పొట్టు కాదే."

"నోర్ముయ్. మీ బావకు చెప్పకు, కోత మధ్యలో."

అది నా మాట వినలేదు. నేరుగా వెళ్ళి మా ఆయనకు చెప్పేసింది. ఆ రోజు దాన్ని నానా మాటలూ అన్నాను. అది చెప్పబట్టే ఇవాళ ఇలా కూర్చుని రాస్తున్నాను.

ఒంగోలు

ఆస్పత్రి వరండాలో బెంచీల మీద ఒకరి దగ్గు విని ఒకరు పక్కకు జరుగుతుంటారు. నేనూ జరిగాను. నా పక్కవాళ్ళు నన్ను చూసి జరిగినప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. ఫోటో తీశారు, కళ్ళె పరీక్ష చేశారు. టీబీ అన్నారు.

"ఇంత ఒళ్ళున్న మనిషికి టీబీ ఏంటండీ?" అని మా ఆయన డాక్టరుతో పోట్లాటకు దిగాడు. "మా ఆవిడ రెండుసార్లు అన్నం తింటదండీ!"

ఆ డాక్టరు నా మొహం కేసి, చేతుల కేసి చూసి, "ఏమన్నా బిళ్ళలు వాడుతున్నారా?" అని అడిగాడు. నొప్పుల బిళ్ళలన్నాను. పొట్లం విప్పి చూపించాను. చిన్న తెల్లదాన్ని విడిగా తీసి పెట్టాడు.

"ఇది స్టెరాయిడ్ అయి ఉంటుందమ్మా. ఇది ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని నిద్రపుచ్చుతుంది. ఎప్పుడో లోపల పడున్న టీబీ అందుకే లేచింది. దీన్ని మానాలి, అయితే..."

ఆ 'అయితే' తర్వాత ఏం చెప్పాడో మా ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు. మా ఆయన అప్పటికే ఆ పొట్లాల వాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. వెనకాల జనం తోసుకొస్తున్నారు. టీబీ మందులు చేతిలో పెట్టారు, బయటికొచ్చేశాం.

ఇంటికొచ్చాక మా వీధిలో ఆడవాళ్ళందరూ తేల్చిందేంటంటే, ఇదంతా నరదిష్టి. ఊరంతా ఒళ్ళు చేశావ్, ఒళ్ళు చేశావ్ అంటే ఏమవుద్ది మరి? నరుడి కంటికి నల్లరాయైనా పగులుద్దంటారు. డాక్టరేమో బిళ్ళలు మానమన్నాడు, వీళ్ళేమో దిష్టి తీయమన్నారు. రెండూ కలిసొచ్చాయి.

నాగమణి ఎండుమిరపకాయలు, కళ్ళుప్పు, మిగిలిన పొట్లాలన్నీ ఒక గుడ్డలో మూట కట్టింది. నన్ను తూర్పు ముఖంగా నిలబెట్టి మూడుసార్లు చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, మా అక్క బుగ్గలు చూసినోళ్ళ దిష్టి" అంటూ. మిరపకాయలు పొయ్యిలో వేస్తారు గానీ, ఈ బిళ్ళలు కాలితే ఏం పొగ వస్తుందోనని, మొత్తం పట్టుకెళ్ళి పారే నీళ్ళలో, సాగర్ కాలవలో విసిరేశాం. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాం. పీడ విరగడైందనుకున్నాను.

ఎండలు

నాలుగైదు రోజులు బాగానే ఉన్నాను. ఆ తర్వాత పొద్దున లేవబోతే కాళ్ళు లేవలేదు. నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మేవి. నీళ్ళు తాగినా వాంతి. ఒళ్ళు చల్లగా, బరువుగా, నాది కానట్టు అయిపోయింది. దానికి తోడు పడుకుంటే గుండెల మీద ఎవరో బస్తా పెట్టినట్టు ఊపిరాడేది కాదు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"ఆ టీబీ మందులు వేడి చేశాయే. నాలుగు రోజులు ఆపి మజ్జిగ తాగు" అన్నాడు మా ఆయన. ఆయన మనసు చెడ్డది కాదు. కానీ భయపడ్డాడు. నా కంచం, నా గ్లాసు విడిగా గూట్లో పెట్టాడు, నేను చూడలేదనుకుని. ముప్పయ్యేళ్ళు ఒకే కంచంలో ముద్దలు పెట్టుకున్న మనిషి. నాకు రోగం కన్నా ఆ గూడు ఎక్కువ నొప్పి పెట్టింది, ఇప్పటికీ పెడుతుంది. నాగమణి మాత్రం నా మంచం మీదే కూర్చుని నాకు జావ తాగించి, మిగిలింది అదే గ్లాసులో తాగేది. వద్దే అంటే, "నీకు రాంగా లేంది నాకొస్తే ఏంటక్కా" అనేది. ఆశా కార్యకర్త వచ్చి ఇంట్లోవాళ్ళందరికీ పరీక్ష చేయించాలంది. మా ఆయన చేయించుకున్నాడు, ఏమీ లేదన్నారు. నాగమణిది వేరు పొయ్యి కాబట్టి ఇంట్లోవాళ్ళ లెక్కలోకి రాలేదు. నేను వెళ్ళమంటే, "కాయ అమ్మాక పోతాలే" అంది.

ఆ వారంలోనే నేను గుమ్మం దగ్గర పడిపోయాను. ఈసారి ఆటోలో తీసుకెళ్ళి ఒంగోలు పెద్దాస్పత్రిలో చేర్చారు.

అక్కడ ఒక డాక్టరమ్మ ఉంది, అత్తారింట్లో ఉన్న మా అమ్మాయి వయసు ఉంటుందేమో. నా చేతి మీద చర్మం పట్టి చూసి, మొహం చూసి, "వాడిన పొట్లాలు ఏవమ్మా?" అంది.

"దిష్టి తీసి కాలవలో పారేశామమ్మా" అన్నాను.

ఆ పిల్ల నుదురు కొట్టుకుంది. కోపంతో కాదు, పాపం. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

"కల్లం దగ్గర కుక్క ఉంటుందా మీకు?"

"ఉంటుందమ్మా."

"దొంగొకడు దానికి రోజూ మత్తు కలిపిన అన్నం పెడితే?"

"అరవదు."

"అరవకపోతే మీరేమనుకుంటారు?"

"దొంగ రాలేదనుకుంటాం."

"మీకు జ్వరం రాకపోవడం, నొప్పి పోవడం అదే. ఇంకోటి వినండి. ఇలాంటి మందు కొంచెం కొంచెంగా మన ఒంట్లోనే పుడుతుంది, మూత్రపిండాల పైన చిన్న గ్రంథులుంటాయి వాటిల్లో. అది లేకపోతే మనిషి నిలబడలేడు. బయట్నుంచి నెలల తరబడి పోస్తుంటే ఆ గ్రంథులు పని మానేస్తాయి. మీరు ఒక్కసారిగా పారేశారు. బయట్నుంచీ రాదు, లోపలా పుట్టదు. అందుకే పడిపోయారు."

మందు తగ్గించుకుంటూ నెమ్మదిగా మానాలన్న మాట. 'అయితే' తర్వాత ఆ డాక్టరు చెప్పిందదే కాబోలు.

"సరే, ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు మా ఆయన.

"మళ్ళీ వేసుకోవాలి" అందామె. "ఇంకా ఎక్కువే వేసుకోవాలి. గుండె చుట్టూ పొరలో నీరు చేరింది. కుక్క ఒక్కసారిగా లేచి దొంగతో పాటు ఇంటి గోడలు కూడా పీకుతోంది. ఆ వాపు తగ్గాలంటే దాన్ని కాస్త అణచాలి. ఈసారి టీబీ మందులు తోడుంటాయి, మేం చూస్తుంటాం."

నర్సు చిన్న గిన్నెలో తెచ్చింది. ఈసారి అట్ట ఉంది, పేరుంది, లోపల మాత్రం అదే చిన్న తెల్ల బిళ్ళ. నన్ను నున్నగా చేసి లోపల తినేసింది ఇదే. నేను నోరు తెరవలేదు.

"వద్దంటే వద్దు, ఇంటికి పోదాం పద. చస్తే ఇంట్లోనే చద్దువు గానీ" అన్నాడు మా ఆయన. ఆ మాటకి ఆయనే ఏడ్చాడు.

డాక్టరమ్మ సాయంత్రం దాకా చూస్తానంది. మానితే ఏమవుతుందో కూడా దాచలేదు. గుండె నొక్కుకుపోయి ఆగిపోవచ్చంది. వేసుకుంటే భయం, వేసుకోకపోతే చావు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని విన్నాను గానీ, ఆ మందే మళ్ళీ వేసుకోమనడం ఎక్కడా వినలేదు.

పక్క మంచం మీద కూతురికి తోడుగా కరుణమ్మగారని ఒకామె ఉంది. కొత్తపట్నం మనిషి, మిషన్ బళ్ళో టీచరుగా చేసి రిటైరైంది. పొద్దుట్నుంచి ఇదంతా వింటోంది. ప్రార్థన చేస్తుందేమో, నీతులు చెబుతుందేమోనని నేను అటు తిరిగి పడుకున్నాను. ఆమె ఒక ఆకులో రెండు ఇడ్లీలు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆ బిళ్ళ ఉత్త కడుపు మీద వేసుకోకూడదంట తల్లీ. మా పిల్లకీ ఇస్తున్నారు, అదే. ముందు ఇది తిను. తర్వాత వేసుకుంటావో లేదో నీ ఇష్టం."

"మీ పిల్లకీ ఇదేనా?"

"ఇదే. నాకూ భయమే."

ఆమెకూ భయమే అన్న మాట విన్నాక ఇడ్లీ గొంతు దిగింది. తర్వాత బిళ్ళ కూడా దిగింది. ఆ అమ్మాయి నాకన్నా ముందే ఇంటికెళ్ళింది. వెళ్ళేటప్పుడు కరుణమ్మగారు నా జడ అల్లి వెళ్ళింది. నా తల నూనె ముఖం చూసి ఎన్నాళ్ళయిందో!

కార్తీకం దాకా

గుండె చుట్టూ నీరు తగ్గింది. తర్వాత నెలల పాటు ఆ బిళ్ళని తగ్గిస్తూ వచ్చారు. ఒకటి, ముప్పావు, సగం. తగ్గించిన ప్రతిసారీ ఒళ్ళు పీకేది, ఊరికే ఏడుపొచ్చేది, మా ఆయన మీద అరిచేదాన్ని. ఒకసారి ఆయన గూట్లోంచి నా కంచం తీసి తన కంచం మీద బోర్లించి పెట్టాడు. ఆ పూట నేను అరవలేదు.

పొద్దున్నే రక్తం తీసి నా ఒంట్లో ఆ మందు దానంతటదే పుడుతోందో లేదో చూసేవాళ్ళు. "ఇంకా లేవలేదమ్మా" అనేది డాక్టరమ్మ. మళ్ళీ వెళ్తే, "కొంచెం కదులుతోంది." ఇప్పటికీ పూర్తిగా లేచిందని చెప్పలేదు. జ్వరమొస్తే, దెబ్బ తగిలితే వెంటనే రమ్మంది. బిళ్ళలు నాలుగు కొంగున ముడేసుకునే తిరుగుతున్నాను. వాటిని చూస్తే అసహ్యం, అవి లేకుండా గుమ్మం దాటాలంటే భయం.

బుగ్గలు పోయాయి. మళ్ళీ కట్టెపుల్లనయ్యాను. "అయ్యో, చిక్కిపోయావే రత్నమ్మా" అంటున్నారు. అంటే అననీ.

మళ్ళీ కల్లం

నన్ను ఇన్నాళ్ళూ ఘాటు దగ్గరకు రానివ్వలేదు. ఇవాళ మధ్యాహ్నం నాగమణికి మజ్జిగ ఇద్దామని కల్లానికి వెళ్ళాను. కోతలని అది చేలల్లోనే ఉంటోంది, కొన్నాళ్ళుగా సరిగ్గా కలవలేదు. పట్టా మీద వంగి తాలు ఏరుతోంది. నన్ను చూసి తలెత్తి నవ్వింది.

గుండ్రంగా, నున్నగా, చంద్రుడిలా ఉంది దాని మొహం.

"ఏంటక్కా అలా చూస్తన్నావ్? నాకూ దశ తిరిగిందంటన్నారు అందరూ" అంది. అని దగ్గింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటే గాజులు గలగలమంటూ మోచేతి దాకా జారాయి.

మజ్జిగ చెంబు కింద పెట్టేశాను. "ఆ పొట్లాలు వేసుకుంటున్నావా?"

"ఛ, అవెందుకేసుకుంటా? నీకలా అయ్యాక ఆయన దగ్గరికి కూడా పోలా. ఇది ఆకు మందు. నడుం నొప్పికి. బండి మీద వచ్చే ఆయన దగ్గర తీసుకున్నా, వినాయక చవితప్పట్నుంచి. ఏమీ చెడు చెయ్యదంట." జాకెట్టులోంచి కాగితం తీసి చూపించింది. పచ్చగా పొడి, దాంతో పాటు గోటిమీద పట్టేంత చిన్న తెల్ల బిళ్ళలు.

నా దగ్గే దానికిచ్చానేమో. నా ఎంగిలి గ్లాసే ఇచ్చిందేమో. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిస్తే, "నాగమణీ, ఇది అదేనే" అని మాత్రం వచ్చింది.

అది నా మొహం చూసింది, తన గాజులు చూసుకుంది. కాగితం గుప్పిట్లో నలిపేసి లేచింది. "పారేస్తా అక్కా, ఇప్పుడే కాలవలో పారేస్తా" అంటూ పరిగెత్తింది.

నేను పరిగెత్తకూడదన్నారు. అయినా పరిగెత్తాను. కాలవ గట్టు దగ్గర దాని జుట్టు పట్టుకుని ఆపాను, ఆ గుప్పిట విప్పడానికి గిల్లాల్సి వచ్చింది.

"ఇవాళ్టిది వేసుకున్నావా?"

"లేదు. వద్దు. చచ్చినా వేసుకోను!"

"పొడి వద్దు. బిళ్ళ వేసుకోవాలి. రేపు పొద్దున్నే ఒంగోలు పోదాం, డాక్టరమ్మకి ఇవన్నీ చూపిద్దాం. ఆమె చూసేదాకా మానకూడదు."

"నాకు భయంగా ఉందక్కా."

"నాకూ భయమే" అన్నాను.

మజ్జిగ చెంబు కల్లంలోనే వదిలేసి వచ్చాను. గట్టు మీద బోరింగు కొట్టి దోసిట్లో నీళ్ళు పట్టాను. ఆ చిన్న తెల్ల బిళ్ళని, నేను దిష్టి తీయించుకుని పారేసిన ఆ బిళ్ళని, నా చేత్తోనే దాని నాలుక మీద పెట్టాను.

"మింగు" అన్నాను.